కొయ్య మేకులు

మనిషిని ఎలుగుబంటి ఎత్తుకుపోయిందని మా బావ తేల్చేశాడు. తేల్చేసి, టెంట్ ముందున్న రాయి మీద కూర్చుని, బూటు విప్పి, మేజోడులో గుచ్చుకున్న ముల్లు పీక్కుంటున్నాడు.

ఊరందరికీ ఆయన ఇన్‌స్పెక్టర్ గారు. నాకు అక్క మొగుడు. ఇంట్లో కంచాల ముందు కూర్చున్నంతసేపూ మా ఇద్దరికీ ఏ గొడవా లేదు. నేను డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నప్పటి నుంచీ బయట ఎక్కడ ఎదురుపడినా ఉప్పూ నిప్పే.

“అంతేనా బావా?” అన్నాను.

“అంతే మరదలా. టెంట్ గుడ్డ ఎలా చీలిందో చూశావుగా. పంజా దెబ్బ. పొద్దుటి నుంచి మావాళ్లు చుట్టుపక్కలంతా గాలించారు. ఇంకేం చూడాలి? మబ్బు పడుతోంది, దిగిపోదాం.”

ఆ మాట పక్కనే ఉన్న, తప్పిపోయిన మాస్టారి భార్య చెవిన పడింది. ఆవిడ ఏడవలేదు. మొగుడి స్వెటర్ని గుండెలకి అదుముకుని నా మొహంలోకి చూసింది. నిన్న సాయంత్రం నా ఆఫీసుకి వచ్చినప్పుడు కూడా ఇలాగే చూసింది. “ఆయన ఉన్నాడా, లేడా? అదొక్కటి చెప్పండక్కా. ఏదైనా తట్టుకుంటాను, తెలియకుండా మాత్రం ఉండలేను” అంది. చెప్తానని మాటిచ్చాను. ఇలాంటి మాటలిచ్చే ముందు కాస్త ఆలోచించాలని ఎన్నిసార్లు అనుకున్నా నాకు బుద్ధి రాదు.

మాస్టారంటే హైస్కూల్లో చరిత్ర చెప్పే మనిషి. ఇంట్లో ఫ్యాను ఆగితే లేచి కూర్చుంటాడట. అలాంటివాడు సెలవొస్తే చాలు అడవిలో పడుకుంటాడు. స్టవ్ ఉండదు, ఫోన్ ఉండదు, పరుపుండదు. ఒక పాత కాన్వాసు గుడ్డ, ఒక దుప్పటి, పుల్లలు ఏరుకుని వేసుకున్న మంట, వాగులో నీళ్లు. ఈ కొండ కింద ఎప్పుడో రెండు సైన్యాలు కొట్టుకుని చచ్చాయి. ఆ యుద్ధం ముందు రాత్రి సిపాయిలు ఈ చెట్ల కింద ఎలా పడుకున్నారో తానూ అలాగే పడుకోవాలని మొన్న మధ్యాహ్నం ఎక్కాడు. దారి చూపించడానికి గైడు వెంట వచ్చి, దింపేసి వెళ్లిపోయాడు. నిన్న పొద్దున మళ్లీ వచ్చి చూస్తే టెంట్ చీలిపోయి ఉంది, మనిషి లేడు. పరుగెత్తుకుంటూ కిందికొచ్చి చెప్పింది కూడా ఆ గైడే.

నాకు అడవంటే భయం. ఇందులో దాచుకోవడానికేం లేదు. బజారులో కత్తి పట్టుకున్నవాడి ఎదురుగా నిలబడ్డాను గానీ, ఇక్కడ ఆకు రాలినా ఒళ్లు జల్లుమంటోంది. ఎటు చూసినా చెట్లే, ఏ చెట్టు వెనక ఏముందో తెలీదు. ఆ సంగతి బావకి తెలుసు. అందుకే ఎక్కేటప్పుడు కానిస్టేబుల్ మెడలోని ఇనప ఈల తీయించి నా మెడలో వేశాడు. “భయమేస్తే ఊదు మరదలా, వచ్చి ఎత్తుకుంటాను” అన్నాడు. కానిస్టేబుల్ అటు తిరిగి నవ్వాడు. చచ్చినా దీన్ని ఊదనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

దారి పొడుగునా బావ గొప్పలే. యుద్ధం జరిగిన మైదానం పక్కనుంచి వస్తున్నప్పుడు ఆగి మరీ చెప్పాడు. “ఇక్కడ రాత్రిళ్లు దొంగతవ్వకాలు తవ్వేవాళ్లు ఉంటారు. పాత కత్తిపిడులు, పతకాలు, తుపాకీ సామాన్లు. మెటల్ డిటెక్టర్ వేసుకుని వెతుకుతారు. ఒంటి మీద పిన్నీసు కూడా ఉంచుకోరు తెలుసా? దగ్గర్లో ఏ ఇనుమున్నా మిషన్ కుయ్యోమంటుంది. పార కూడా దూరంగా పెట్టుకుంటారు. ఆ మధ్య ఒకణ్ణి పట్టుకుంటే వాడి సంచిలో గుడ్డా కొయ్యా తప్ప ఇంకోటి లేదు.”

“భలే పట్టారు బావా” అన్నాను. గైడు ముందు నడుస్తున్నవాడల్లా వెనక్కి తిరిగి, నా నడుముకి వేలాడుతున్న తాళాలగుత్తి చూపించాడు.

“అది సంచిలో అడుక్కి పెట్టేయండి మేడమ్. ఇనుము చప్పుడు నాకు పడదు. జంతువులు బెదురుతాయి.”

“బెదిరి పారిపోతే నాకంటే సంతోషించేవాళ్లు లేరు నాయనా” అన్నాను గానీ, పెట్టేశాను. నెమ్మదైన మనిషి. నలభై ఉంటాయేమో. కాళ్లకి రబ్బరు బూట్లు, ప్యాంటుకి బెల్టు బదులు గుడ్డ నాడా. ఇన్ని కొండలెక్కే మనిషికి ప్యాంటు జారుతుందన్న బెంగ లేదా అని లోపల నవ్వుకున్నాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. చీలిన గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది.

“బావా, మీరు ముల్లు తీసుకోండి. నేను లోపల చూసొస్తాను” అని వంగి టెంట్లోకి దూరాను.

దీనికి అడుగు గుడ్డ లేదు. పాతకాలం టెంట్, పైన కప్పు ఒక్కటే. కింద మట్టి నేల. పైన చీలికలు మూడు, మూడూ ఒకేవైపు. మిగతా గుడ్డ గట్టిగా ఉంది, కంత కూడా లేదు. దుప్పటి ఒక మూల కుప్పగా పడి ఉంది. మోకాళ్ల మీద పాకుతూ, చీలికలకి దూరంగా ఉన్న మూలకి వెళ్లాను. దుప్పటి ఎత్తాను. ఎత్తి అక్కడే ఉండిపోయాను.

నేల నిండా చిన్న చిన్న గుంటలు. వాన చినుకులు మెత్తటి మట్టి మీద పడితే ఏర్పడే గుంటలు. ఆరిపోయి, గట్టిపడి, అచ్చు వేసినట్టు ఉన్నాయి. చీలికల కింద ఉంటే అర్థముంది. గట్టి గుడ్డ కింద, దుప్పటి అడుగున చినుకులు ఎలా పడతాయి?

బయటికొచ్చి గైడుని పిలిచాను.

“మొన్న టెంట్ వేసేటప్పుడు నువ్వున్నావా?”

“ఉన్నాను మేడమ్. నేనూ ఓ చెయ్యి వేశాను.”

“ఇక్కడే?”

“ఇక్కడే. ఇదే మంచి చోటు. ఎవరొచ్చినా ఇక్కడే వేయిస్తాను.”

“వాన ఎప్పుడు మొదలైంది?”

“చీకటి పడ్డాక. తెల్లారేదాకా కురుస్తూనే ఉంది.”

“వాన పడ్డ మర్నాడు ఇక్కడ ఇంకెవరైనా టెంట్ కదిపారా?”

“ఎవరు కదుపుతారు మేడమ్? నిన్న నేనొచ్చాను, తర్వాత ఇన్‌స్పెక్టర్ గారి మనుషులొచ్చారు. తాకొద్దన్నారు. ఎవరూ తాకలేదు.”

చెప్పేటప్పుడు తడబడలేదు. నేను అడిగిందానికి అడిగినంతే చెప్పాడు. ఆ పద్ధతి నాకు కొంచెం నచ్చలేదు. మామూలు మనిషిని ఒకటడిగితే పది చెప్తాడు.

కొమ్మకి తిండి సంచి వేలాడుతోంది. అడవిలో పడుకునేవాళ్లు జంతువులకి అందకుండా తిండిని తాడుతో కొమ్మకి కడతారట. ఇది నా చేతికే అందుతోంది. నేనేమంత పొడుగరిని కాను.

“చూశారా బావా? మీ ఎలుగుబంటి ముక్కు ముందు వేలాడుతున్న రొట్టె వదిలేసి, చరిత్ర మాస్టారిని ఎత్తుకుపోయింది. రొట్టె మీద దానికేం కోపం?”

“జంతువుకి మన లెక్కలుండవు.”

“పోనీ ఇది చెప్పండి. టెంట్ లోపల నేల మీద చినుకుల గుంటలున్నాయి. అంటే వాన పడేటప్పుడు ఈ నేల మీద కప్పు లేదు. వాన వెలిశాక ఎవరో తెచ్చి ఇక్కడ వేశారు.”

బావ బూటు తాడు కడుతూ తలెత్తాడు. “చీలికల్లోంచి పడ్డాయి.”

“ఆ మూలకి పడవు. వచ్చి చూడండి.”

“గాలికి అడ్డంగా కొడుతుంది వాన. నువ్వు వాన చూసింది కిటికీలోంచేగా.”

“కిటికీలోంచైనా చూశాను. మీరు చూడకుండానే రాసేస్తున్నారు.”

ఆయన లేచాడు. మొహం ఎర్రబడింది. “ఇదిగో మరదలా, ఆ అమ్మాయికి లేనిపోని ఆశలు పెట్టకు. నువ్వు ఈ పూట ఆశ పెట్టి పోతావు. రేపు శవం దొరికితే ఆ కబురు ఇంటికెళ్లి చెప్పాల్సింది నేను. ఎన్నిసార్లు చెప్పానో నీకేం తెలుసు?”

ఆ మాట నిజమే, అందుకే ఒళ్లు మండింది. “ఆశ కాదు బావా, అనుమానం పెడుతున్నాను. అది మీ పని, మీరు చెయ్యకపోతే నేను చేస్తున్నాను.”

కానిస్టేబుల్ అటు తిరిగి ఆకాశం చూడటం మొదలుపెట్టాడు. బావ టోపీ పెట్టుకున్నాడు. కొండ కింద దాకా వెళ్తే గానీ ఫోన్ పలకదు, అక్కడినుంచి కుక్కల్ని తెప్పిస్తానన్నాడు. “నువ్వు ఉంటానంటే ఉండు. గైడు మిమ్మల్నిద్దరినీ దింపుతాడు. వాన మొదలయ్యేలోపు రావాలి. నీకేమన్నా అయితే మీ అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు.” ఈల వైపు వేలు చూపించి, కానిస్టేబుల్ని వెంటేసుకుని దిగిపోయాడు.

ఆయన బూట్ల చప్పుడు వినపడినంతసేపూ విన్నాను. ఆగిపోయాక, పిలిచేద్దామా అనిపించింది. పరువు అడ్డమొచ్చింది.

మాస్టారి భార్య టెంట్ చుట్టూ తిరుగుతోంది. ఒక తాడు పట్టుకుని కిందికంటా చూసి, “అక్కా, ఇవి మావి కావు” అంది.

“ఏవి?”

“మేకులు.”

వెళ్లి చూశాను. టెంట్ తాళ్లన్నీ కొయ్య మేకులకి కట్టి ఉన్నాయి. కొత్తవి కావు. చాలాసార్లు కొట్టీ పీకీ తలలు నలిగిపోయినవి.

“ఆయన దగ్గరున్నవి ఇనపవి. వాళ్ల తాతవి. తలలు ఉంగరంలా వంపు తిరిగి ఉంటాయి. మోయలేక చస్తున్నారు, పారెయ్యండీ అంటే, నన్నైనా పారేస్తాను గానీ వాటిని కాదంటారు.” నవ్వబోయి ఆపుకుంది. “అవి లేకుండా ఆయన టెంట్ వెయ్యరు.”

“మాస్టారు మర్చిపోయొచ్చారు. నా దగ్గరున్నవి ఇచ్చాను” అన్నాడు గైడు. ఎప్పుడు వచ్చాడో, మా వెనకే ఉన్నాడు.

“మర్చిపోలేదు. సంచిలో నేనే సర్దాను” అంది ఆవిడ.

గైడు వంగి, వదులైన తాడొకటి బిగించాడు.

నాకు అప్పుడు కూడా పూర్తిగా వెలగలేదు. వేరేచోట వేసిన టెంట్, ఇక్కడికి వచ్చింది. మేకులు రాలేదు. తడిసిన నేలలో దిగబడిపోయి ఊడివచ్చి ఉండవు, తాళ్లు కోసుకుని తెచ్చి ఉంటారు. అంటే అవి ఇంకా అక్కడే ఉన్నాయి.

“అమ్మాయ్, మీ ఆయన తనంతట తాను చోటు చూసుకుంటే ఎక్కడ వేస్తారు?”

“నీళ్ల చప్పుడు వినపడాలి. లేకపోతే నిద్ర పట్టదంటారు. ఫ్యాను చప్పుడు బదులన్నమాట.”

చెవి ఒగ్గితే ఎడమవైపు, కింద, సన్నగా వాగు వినపడుతోంది.

“అటు వద్దు మేడమ్. జారుడు. పాములు కూడా” అన్నాడు గైడు.

పాము మాటకి నా కాళ్లు నిజంగానే ఆగిపోయాయి. కానీ ఆవిడ అప్పటికే దిగిపోతోంది. వెళ్లక తప్పలేదు. కొమ్మలు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ, జారుతూ దిగాను. గైడు మా వెనకే వచ్చాడు. అతని రబ్బరు బూట్లు చప్పుడు చెయ్యవు. వెనక్కి తిరిగినప్పుడల్లా నేననుకున్న దానికంటే దగ్గరగా ఉన్నాడు.

వాగు ఒడ్డున చదునైన చోటు. ఆవిడ గడ్డిలో వెతుకుతూ, ఒక్కసారిగా కూలబడింది. ఆవిడ వేళ్ల మధ్య ఉంగరంలా వంపు తిరిగిన ఇనప తల, దానికి కోసేసిన తాడు ముక్క. కాస్త దూరంలో ఇంకోటి. అటువైపు ఇంకా రెండు. నాలుగింటి మధ్యా ఒక మనిషి పడుకునేంత నేల. దాని మీద ఎవరో కావాలని పోసినట్టు తడి ఆకుల కుప్ప.

ఇక్కడ మొత్తం వెలిగింది. వెలగకపోయినా బాగుండేదనిపించింది. కొయ్య మేకులు సంచిలో వేసుకుని అడవిలో తిరిగేవాడెవడు? ఇనుము దగ్గరుంటే పని జరగనివాడు. ఒంటి మీద పిన్నీసు కూడా ఉంచుకోనివాడు. బావ దారిలో గొప్పలు పోతూ నాకు మొత్తం చెప్పేశాడు, నేనే చెవిన పెట్టలేదు. నా చూపు దానంతటది గైడు నడుము మీదికి పోయింది. బెల్టు లేదు. గుడ్డ నాడా.

చూపు తిప్పేసుకున్నాను. అతను చూశాడో లేదో తెలీదు.

“నాయనా, నువ్వు పరుగెత్తి ఇన్‌స్పెక్టర్ గారిని పిలుచుకురా. ఇంకా ఎంతో దూరం వెళ్లి ఉండరు” అన్నాను. మామూలుగా అన్నాననే అనుకున్నాను.

“ఎందుకు మేడమ్? నేనున్నానుగా.”

ఈల నా మెడలోనే ఉంది. ఊదితే నాకు తెలిసిపోయిందని అతనికి తెలుస్తుంది. బావ పైకి ఎక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో, ఈ మనిషి ఈలోపు ఏం చేస్తాడో. ఊదకపోతే బావ ఇంకా ఇంకా దూరమైపోతున్నాడు. నా బతుకులో ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

ఆవిడకి ఇవేవీ పట్టలేదు. ఆకులు రెండు చేతులా తోసేస్తోంది. కింద కొత్తగా అదిమిన మట్టి. గోళ్లతో గీకుతోంది. “వద్దమ్మా” అన్నాను. దాని కింద ఏముంటుందో చూడాల్సిన అవసరం ఆ పిల్లకి లేదనిపించింది. వినలేదు. నేనూ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గైడు సాయం పట్టలేదు. రెండడుగుల అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వేళ్లకి రాయి తగిలింది. చెక్కిన పలక. అంచులు సరిగ్గా, మూలలు సరిగ్గా. వెనకటి సైన్యాలు తుపాకిమందు తడవకుండా నేలలో కొట్లు కట్టుకునేవాళ్లని మాస్టారు పిల్లలకి చెప్పేవాడట. ఆ పాఠం మీదే పక్క వేసుకుని పడుకున్నాడన్నమాట, పాపం, తెలీకుండా. గైడు రాత్రిళ్లు వెతుకుతున్నదీ ఈ కొట్టునే అయ్యుంటుంది. పలక ఒక మూల విరిగి, గుప్పెడంత సందు ఉంది.

ఆవిడ మొగుడి పేరు పెట్టి పిలవలేదు. ఆ సందు దగ్గర నోరు పెట్టి, “ఏవండీ” అంది.

వాగు చప్పుడు. ఇంకేం లేదు.

“ఏవండీ, నేనండీ.”

కింద టక్‌మని రాయి తగిలిన చప్పుడు. మళ్లీ టక్. ఆవిడ చీమిడీ కన్నీళ్లూ ఒకటైపోయి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా నా చెయ్యి పట్టుకుంది. “ఉన్నారక్కా. ఉన్నారు.”

“నీళ్లు” అంది కిందినుంచి గొంతు. మనిషి గొంతులా లేదు, బొంగురు.

“ఇస్తానండీ, ఇప్పుడే తీసేస్తాం. దెబ్బలు తగిలాయా?”

“కాలు... నీతో ఎవరున్నారు?”

“డిటెక్టివ్ అక్క ఉంది. గైడు కూడా ఉన్నాడు. పలక అతను ఎత్తేస్తాడు, మీరు భయపడకండి.”

కింద మాట ఆగిపోయింది. ఆవిడ సందుకి చెవి ఆనించింది. నేనూ వంగాను. చాలాసేపటికి, ఊపిరి మాత్రమే మాటైనట్టు, వినపడింది.

“అతను నీకెంత దూరంలో ఉన్నాడు?”

ఆవిడ తల మెల్లిగా ఎత్తి నన్ను చూసింది. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చూసింది. ఆ కళ్లలో ఏం కనపడిందో చాలు, నేను తిరిగి చూడక్కర్లేకపోయింది.

ఒట్టూ లేదు, పరువూ లేదు. ఈల నోట్లో పెట్టుకుని ఊపిరి ఉన్నంతవరకూ ఊదాను. చెవులు దిమ్మెక్కాయి. ఆపి విన్నాను. ఎక్కడో చాలా కింద, కొండ మలుపు అవతల, బావ గొంతు. నా పేరు కాదు, ఆ వెటకారం పిలుపే, కేకగా. “మరదలా...” ఆ కేకలో వెటకారం లేదు. దూరం మాత్రం చాలా ఉంది.

గైడు కూడా విన్నాడు. దారి వైపు చూశాడు, పలక వైపు చూశాడు, ఆవిడని చూశాడు. తొందరపడలేదు. వంగి, మట్టిలోంచి మాస్టారి మేకు ఒకటి అటూ ఇటూ కదిపి పైకి లాగాడు. మొన అంతా తడి మట్టి. దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మాస్టారి భార్య సందుని తన ఒంటితో మూసేస్తూ పలక మీద బోర్లా పడుకుంది.

గైడు రెండో చెయ్యి నా వైపు చాచాడు. గొంతులో పొద్దుటి నెమ్మదే ఉంది.

“ఆ ఈల ఇలా ఇవ్వండి మేడమ్. చెప్పానుగా, ఇనుము చప్పుడు నాకు పడదు.”